ఎడమవైపు సంతకం

మా ల్యాబ్ రిపోర్టు కింద రెండు సంతకాలుంటాయి. ఎడమవైపు, 'టెక్నీషియన్' అనే మాట మీద గిలికినట్టు ఉండేది నాది. కుడివైపు పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరుతో దర్జాగా ఉండేది ల్యాబ్ పరీక్షల డాక్టరు, పాథాలజిస్ట్ సార్‌ది. పేషెంట్లు కుడివైపే చూస్తారు. డాక్టర్లు అదీ చూడరు, నేరుగా బోల్డ్‌లో ఉన్న నంబర్ల దగ్గరికి పోతారు. ఎడమవైపు సంతకాన్ని ఇన్నేళ్ళలో పనిగట్టుకుని చూసింది మా అత్తగారు ఒక్కరే. "ఇంత చదివితే ఇంత చిన్న సంతకమా?" అన్నారు.

నేను కర్నూలులో, గాయత్రి ఎస్టేట్స్ చుట్టుపక్కల ల్యాబుల్లోనే పనిచేస్తూ వచ్చాను. బీఎస్సీ, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా డీఎంఎల్‌టీ, ఉద్యోగం చేసుకుంటూనే ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. ఆ ఏరియా తెలియనివాళ్ళకు చెప్పాలంటే, అక్కడ ఏ బిల్డింగు చూసినా కింద మందుల షాపు, పక్కన ల్యాబు, పైన డాక్టరు. పొద్దున్నే అటు గద్వాల, రాయచూరు వైపు నుంచీ, ఇటు ఆలూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు నుంచీ బస్సులు దిగి, చేతిలో పాత రిపోర్టుల కవరు పట్టుకుని పరగడుపున వచ్చి కూర్చుంటారు. "అమ్మా, సూది గట్టిగా పొడవద్దు" అనే మాటతో మా రోజు మొదలవుతుంది.

డాక్టర్లకూ ల్యాబ్ వాళ్ళకూ పడదని ఈ వీధిలో అందరికీ తెలుసు. బయటికి ఎవరూ అనరు. వాళ్ళకు మేము 'ల్యాబ్ అబ్బాయి', 'ల్యాబ్ అమ్మాయి'. యాభై దాటినా అబ్బాయే. మధ్యాహ్నం బాక్సులు విప్పుకుని మేము వాళ్ళ గురించి మాట్లాడుకునేవి ఇక్కడ రాయలేను. చదువు తేడా అని వాళ్ళంటారు, గౌరవం తేడా అని మేమంటాం. నేను చూసినంతలో మాత్రం గొడవంతా ఫోన్ దగ్గరే ఉంది. ల్యాబ్ నుంచి డాక్టరుకు ఎవరు ఫోన్ చేయొచ్చు? చేస్తే వినేదెవరు?

సంతకం సంగతి ముందు తేల్చేస్తాను. 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ల్యాబ్ రిపోర్టు మీద కౌంటర్ సంతకం చేయాల్సింది పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే అని. గుజరాత్‌లో పాథాలజిస్టుల సంఘానికీ సొంతంగా ల్యాబులు నడుపుకునే టెక్నీషియన్ల సంఘానికీ మధ్య నడిచిన కేసు అది. ఆ వారం మా వాట్సాప్ గ్రూపులు ఎలా మండాయో చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా సొంతంగా ల్యాబ్ నడుపుకుంటున్నవాళ్ళు రేపటి నుంచి షట్టర్ వేసుకోవాలా అని ఒకటే టెన్షన్. తర్వాత 2018 మేలో, మళ్ళీ 2020 ఫిబ్రవరిలో కేంద్రం తన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు మార్చింది. చిన్న ల్యాబులకు ఎంబీబీఎస్ డాక్టరు ఉన్నా చాలన్నారు. మెడికల్ ఎమ్మెస్సీ వాళ్ళు తమ సబ్జెక్టు పరీక్షల మీద సంతకం చేయొచ్చు గానీ అభిప్రాయం మాత్రం రాయకూడదన్నారు. నంబరు ఇవ్వు, నోరు విప్పకు అన్నమాట. 2021లో పారామెడికల్ వృత్తులకోసం జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, అందులో మెడికల్ ల్యాబొరేటరీ వృత్తికి చోటు దొరికింది. మా వాళ్ళు స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. మరుసటి రోజు పొద్దున మళ్ళీ అదే సూది, అదే కుర్చీ.

కుడివైపు సంతకం అక్కర్లేదని నేనెప్పుడూ అనను. పదేళ్ళ పిల్లాడి రక్తం స్లైడ్ మీద ఎదగని, క్యాన్సర్ అనుమానం పుట్టించే బ్లాస్ట్ కణాలు కనిపించిన రోజు నాకు పాథాలజిస్ట్ సార్ కావాలి. వెంటనే కావాలి. అది ఏ రకం లుకేమియా, తర్వాత ఏ పరీక్ష చేయించాలి, ఆ తండ్రితో ఎవరు మాట్లాడాలి, ఇదంతా ఆయన చదువు. నా ఫిర్యాదు వేరే. సంతకం తప్పనిసరి అయ్యాక కొన్నిచోట్ల జరిగింది ఏమిటంటే, సంతకం అద్దెకు దొరకడం మొదలైంది. ఒకే డాక్టరు సంతకం స్కాన్ చేసి పెట్టుకున్న ల్యాబులున్నాయి. ఆయన ఆ ల్యాబ్ మెట్లు ఎక్కింది లేదు, ఆ మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టింది లేదు. కోర్టు కోరుకున్నది ఇంకో జత కళ్ళు. వచ్చింది ఇంకో జేపెగ్ ఫైలు.

ఇక ఫోన్ సంగతి.

ఒక డెంగీ సీజన్లో, మధ్యాహ్నం రష్ తగ్గాక, ఒక శాంపిల్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళావిడ, గర్భసంచి ఆపరేషన్‌కు ముందు చేయించే మామూలు పరీక్షలు. సెల్ కౌంటర్లో హిమోగ్లోబిన్ బాగుంది, తెల్లకణాలు బాగున్నాయి, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 22,000. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సినవి. చీటీలో జ్వరం మాట లేదు. రక్తం తీసిన పిల్లోణ్ణి అడిగితే, ఆమె నవ్వుతూ వచ్చింది, నవ్వుతూ పోయింది అన్నాడు. సూది తీశాక దూది కూడా ఎక్కువసేపు పట్టుకోలేదట. ఇరవై రెండు వేల మనిషి చేయి అంత త్వరగా ఆరుతుందని గట్టిగా చెప్పలేం గానీ, నాకు అనుమానం తగిలింది. మెషిన్ గ్రాఫ్ చూస్తే, ప్లేట్‌లెట్ల వంపు చివర కిందికి దిగకుండా రంపంలా పళ్ళు పళ్ళుగా ఉంది.

స్లైడ్ వేశాను. లీష్‌మన్ స్టెయిన్ పోసి, కడిగి, ఆరబెట్టి, ముందు చిన్న లెన్స్‌లో స్మియర్ తోక చివరికి పోయాను. అక్కడున్నాయి. ఊదా రంగు చుక్కలు పదీ ఇరవై ఒకదానికొకటి అతుక్కుని ముద్దలుగా. కొందరి రక్తంలో ఉండే యాంటీబాడీల వల్ల ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు ఇలా గుంపు కడతాయి. మెషిన్ సైజును బట్టి లెక్కపెడుతుంది కాబట్టి గుంపు మొత్తాన్ని ప్లేట్‌లెట్‌గా గుర్తుపట్టదు, వదిలేస్తుంది, ఒక్కోసారి తెల్లకణం ఖాతాలో వేస్తుంది. మనిషి ఒంట్లో ఏమీ తక్కువ లేదు. తక్కువైంది ట్యూబులోనే. ఆవిణ్ణి మళ్ళీ పిలిపించి నీలం మూత సిట్రేట్ ట్యూబులో రక్తం తీశాం. అందులో ద్రవం కలుస్తుంది కాబట్టి వచ్చిన లెక్కను 1.1తో గుణించాలి. లక్షా తొంభై వేలు దాటింది. స్లైడ్ మీద ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఫీల్డు ఫీల్డూ లెక్కపెట్టి 15,000తో గుణించినా దగ్గర దగ్గర అంతే.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. "ఎవరమ్మా మాట్లాడేది?"

చెప్పాను.

"ప్లేట్‌లెట్స్ ఎంత?"

"మెషిన్‌లో ఇరవై రెండు వేలు వచ్చింది సార్. కానీ క్లంపింగ్ ఉంది, సిట్రేట్‌లో చేస్తే..."

"ఇరవై రెండా! ఆపరేషన్ ఆపేయమని చెప్తా. మీ పాథాలజిస్ట్‌ను మాట్లాడమను."

"సార్, అసలు కౌంట్ లక్షా తొంభై..."

"రిపోర్టులో మెషిన్ వాల్యూ రాయండి. మిగతాది నేను చూసుకుంటా."

ఫోన్ పెట్టేశారు. ఆయన మూర్ఖుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన చేతిలో కత్తి ఉంటుంది, రక్తం ఆగకపోతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. భయపడటంలో తప్పులేదు. కానీ నా నోటి నుంచి వచ్చిన నంబరును నమ్మిన మనిషి, అదే నోటి నుంచి వచ్చిన వివరాన్ని ఎందుకు నమ్మలేదు? సాయంత్రం మా పాథాలజిస్ట్ సార్ వచ్చి, స్లైడ్ చూసి, ఆయనకు ఫోన్ చేసి ఇవే నాలుగు ముక్కలు చెప్పారు. "ఓహో, సూడో త్రాంబోసైటోపీనియానా, చెప్పారు కాదేం!" అన్నారట. ప్లేట్‌లెట్లు తక్కువైనట్టు ఉత్తుత్తిగా కనిపించడానికి పుస్తకాల్లో పేరు అది. ఆపరేషన్ అయింది. ఆవిడ బాగుంది. అయితే ఆ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆమె భర్త బొప్పాయి ఆకుల కోసం ఊరంతా తిరిగాడు.

ఇటువైపు కథ కూడా చెప్పాలి, లేకపోతే మా వాళ్ళ మీటింగులో ఉపన్యాసంలా ఉంటుంది. అవతలి వీధిలో ఒక ఫిజీషియన్ మేడం ఉన్నారు. ఒకసారి ఆవిడే మాకు ఫోన్ చేశారు. "పొటాషియం 8.4 అని ఇచ్చారు. ఈ పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, పొద్దున ఉగ్గాని బజ్జి తిన్నానమ్మా అని చెప్తున్నాడు. ఎనిమిదిన్నర పొటాషియంతో బజ్జీలు తినరు, ఐసీయూలో ఉంటారు." రిపోర్టు ఇచ్చిన మా కుర్రాడు గట్టిగానే వాదించాడు. మెషిన్ కరెక్టు, పొద్దున మెషిన్‌ను సరిచూసే క్యూసీ పాసైంది, కావాలంటే గ్రాఫ్ చూపిస్తాను అని. క్యూసీ నిజంగానే పాసైంది. మేడం ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "కాల్షియం ఎంత?" చూస్తే 4.6, ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ. నేను పక్కనే ఉన్నాను, నాకు అక్కడే వెలిగింది. కలెక్షన్ సెంటర్లో ఎవరో ఎర్ర మూత ట్యూబులో రక్తం చాలక ఊదా మూత ట్యూబులోంచి కాస్త ఒంపారు. ఊదా ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. పొటాషియాన్ని పెంచుతుంది, కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. రెండూ పక్కపక్క వరుసల్లోనే ఉన్నా మా వాడు చూడలేదు. కిలోమీటరు దూరంలో కూర్చున్న ఆవిడ, మనిషిని చూసి పట్టుకున్నారు. ఆ రోజు నుంచి మా వాడు ఆవిడ పేరు చెప్తే లేచి నిలబడతాడు.

చూడండి, ఆవిడ దగ్గర పెద్దాయన ఉన్నాడు, నా దగ్గర ట్యూబు ఉంది. ఈ రెండూ ఎదురుపడితే గానీ నిజం బయటపడదు. వాటిని కలపాల్సిన చీటీ ఎలా ఉంటుందంటే: 'సీబీపీ, ఎంపీ, వైడాల్'. రక్తకణాల లెక్క, మలేరియా, టైఫాయిడ్ పరీక్షల పేర్లు, అంతే. వయసు ఉంటే ఆ రోజు పండగ. జ్వరం ఎన్నో రోజు, ఏం మందులు వాడుతున్నారు, సుగర్ ఉందా, ఏదీ ఉండదు. వైడాల్ మాట వచ్చింది కాబట్టి కాస్త కడుపుమంట తీర్చుకుంటాను. 1896 నాటి పరీక్ష అది. టైఫాయిడ్‌కు మన ఒళ్ళు యాంటీబాడీలు తయారు చేసుకోవడానికే వారం దాకా పడుతుంది. జ్వరం వచ్చిన రెండో రోజు వైడాల్ రాస్తే నేను ఏం వెతకాలి? పైగా మన ప్రాంతంలో మామూలుగా తిరిగేవాళ్ళలో కూడా తక్కువ టైటర్ (యాంటీబాడీల లెక్క) కనిపించడం వింతేమీ కాదు. మొదటి వారంలో చేయించాల్సింది రక్తంలోని క్రిములను పెంచి చూసే బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు. కల్చర్‌కు రోజులు పడుతుంది, ఖర్చు ఎక్కువ, పేషెంటు ఆలూరు బస్సు ఎక్కి వెళ్ళిపోతే మళ్ళీ రాడు. డాక్టరు ఇబ్బంది నాకూ తెలుసు. తెలిసీ మండుతుంది.

ఇక మా ఇంట్లో చెత్త. డాక్టర్లు ల్యాబ్ వాళ్ళను నమ్మకపోవడానికి కారణాలు ఊరికే పుట్టలేదు. శాంపిల్ సింకులో పారబోసి నంబర్లు వేసే ల్యాబులు ఉన్నాయని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. రీఏజెంట్‌కు (పరీక్షకు వాడే రసాయనానికి) నీళ్ళు కలిపి సాగదీసేవాళ్ళున్నారు. మే నెలలో, నలభై మూడు డిగ్రీల ఎండలో, థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ కరిగిపోయి బస్సులో వచ్చిన రక్తానికి సుగర్ చేసి ఇచ్చేవాళ్ళున్నారు. గ్రే మూత ఫ్లోరైడ్ ట్యూబులో పోయకపోతే రక్తకణాలు అందులోని గ్లూకోజును గంటగంటకూ తినేస్తూనే ఉంటాయి. సుగర్ పేషెంటు రిపోర్టులో ఆరోగ్యవంతుడైపోతాడు. కమీషన్ల గురించి వేరే చెప్పాలా? డాక్టర్లు రిఫరల్ కమీషన్ తీసుకోకూడదని మెడికల్ కౌన్సిల్ 2002లోనే నియమావళిలో రాసింది. ఇచ్చేది మేమే, తీసుకునేది వాళ్ళే. ఆ కవర్లు చేతులు మారేటప్పుడు మాత్రం రెండు వర్గాల మధ్య ఏ విభేదాలూ ఉండవు. టెస్టు ధరలో ఆ వాటా పోగా మిగిలినదానిలోంచి నా రీఏజెంట్లు రావాలి, నా జీతం రావాలి.

మెడికల్ కాలేజీల్లో ఇదే గొడవ ఇంకో రూపంలో ఉంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి ఎంబీబీఎస్ పిల్లలకు బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చెప్పే నాన్‌మెడికల్ టీచర్లకు ఒకప్పుడు కొన్ని పోస్టులు దక్కేవి. 2020లో వచ్చిన నిబంధనలతో అనాటమీ, ఫిజియాలజీల్లో ఆ కోటా సగానికి, బయోకెమిస్ట్రీలో అంతకన్నా కిందికి పడింది, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో సున్నా అయింది. మా సీనియర్ ఒకామె అప్పటికి పీహెచ్‌డీ మధ్యలో ఉంది. 2025లో మళ్ళీ తలుపు తెరిచారు. ఈలోపు ఆమె బెంగళూరులో ఒక డయాగ్నోస్టిక్ కిట్ల కంపెనీలో చేరిపోయింది. ఇప్పుడు ఇక్కడి డాక్టర్లు ఆ కిట్ల ట్రైనింగ్‌కు ఆమె దగ్గరికే పోతారు.

ఇలాంటి మాటలు వచ్చినప్పుడు నాకు జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు తక్కువరకం ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్న మనిషి. హార్వర్డ్ వెళ్ళాక 1925లో, ఫిస్కే అనే ఆయనతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు. ఫిస్కే-సుబ్బారావ్ మెథడ్ అని పుస్తకాల్లో చదువుకున్నాం. ఇప్పుడు మా అనలైజర్లో ఫాస్ఫరస్‌కు వాడే రీఏజెంటులోనూ ఆ పద్ధతిలో వాడిన మాలిబ్డేట్ రసాయనమే ఉంది. ఆయన్ని డాక్టర్ల ఖాతాలో వేసుకోవాలా, ల్యాబ్ ఖాతాలోనా? ఈ ప్రశ్న ఒక డాక్టరు గారిని అడిగితే, "ఆయన మా వాడే" అన్నారు. ఎల్‌ఎంఎస్ సంగతి ఆయనకు తెలియదు.

రియాద్‌లో పనిచేసే మా బ్యాచ్‌మేట్ ఒకడున్నాడు, ఆదోనివాడు. వాడి పక్క బెంచీలో నైజీరియా ఆయన. నైజీరియాలో ఈ పోరు మనకన్నా ఎన్నో రెట్లు అట. ల్యాబ్ సైంటిస్టులకు 2003 చట్టంతో సొంత కౌన్సిల్ ఉంది. అయినా ఆసుపత్రి ల్యాబుకు పెద్ద ఎవరు, పాథాలజిస్టా సైంటిస్టా అని కోర్టుల దాకా పోయారు. 2018లో డాక్టర్లు కాని ఆరోగ్య ఉద్యోగుల సంఘాలన్నీ కలిసి, జీతాల్లో డాక్టర్లతో సమానంగా సవరణ కావాలని ఏప్రిల్‌లో మొదలుపెట్టి మే చివరిదాకా సమ్మె చేశాయి. వాటిలో ల్యాబ్ వాళ్ళూ ఉన్నారు. "అన్ని వారాలు ల్యాబ్ లేకుండా ఆసుపత్రులు ఎట్ల నడిచినాయ్‌రా?" అని అడిగాను. "నడవలేదక్కా" అన్నాడు వాడు.

మేము సమ్మె చేసే రకం కాదు. ప్రైవేటులో సమ్మె అంటే ఉద్యోగం పోవడమే. 2020 ఏప్రిల్లో, రాష్ట్రంలో ఎక్కువ కరోనా కేసులున్న జిల్లాగా కర్నూలు పేరు రోజూ టీవీలో వినిపించిన రోజుల్లో, గొంతులోంచి స్వాబ్ తీసిన మా వాళ్ళను ఇంటి ఓనర్లు ఖాళీ చేయమన్నారు. అప్పుడు మాత్రం డాక్టర్లే మాకు ఫోన్లు చేసేవాళ్ళు, రాత్రి పన్నెండుకు కూడా. 'రిపోర్ట్ వచ్చిందా అమ్మా', 'ఎంతసేపు పడుతుంది తల్లీ' అని. ఆ తల్లీ అనే పిలుపు రెండో వేవ్ తర్వాత కనిపించకుండా పోయింది.

ఈ మధ్య మా ల్యాబులో ఒక చిన్న మార్పు తెచ్చాం. పొటాషియం కథలోని మేడం తన చీటీల మీద జ్వరం ఎన్నో రోజో, ఏ మందులు నడుస్తున్నాయో ఒక లైను రాయడం మొదలుపెట్టారు. బదులుగా మా నుంచి కూడా ఒక లైను అడిగారు. మా పాథాలజిస్ట్ సార్‌తో మాట్లాడి, ఆయన ఒప్పుకున్న మాటలతో కొన్ని కామెంట్లు తయారు చేసుకున్నాం. 'శాంపిల్ హిమోలైజ్ అయింది (ఎర్రకణాలు పగిలాయి), పొటాషియం తిరిగి చేయించగలరు.' 'ప్లేట్‌లెట్ల క్లంపింగ్ ఉంది, సిట్రేట్ శాంపిల్లో చూసిన కౌంట్ ఇది.' 'జ్వరం తొలి రోజుల్లో వైడాల్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ లేదనుకోరాదు.' ఎడమవైపు సంతకం చేసేదాన్ని ఇవి నేనే టైప్ చేస్తాను, ఆయన చదివి కుడివైపు పెడతారు. ఫోన్ ఎత్తనివాళ్ళకు కూడా రిపోర్టు చేరుతుంది కదా అని నా లెక్క.

రెండు మూడు చోట్ల నుంచి మంచిమాటే వచ్చింది. ఒక ఆసుపత్రి నుంచి మాత్రం మేనేజర్ వచ్చాడు, చేతిలో మా రిపోర్టే. వైడాల్ కింద ఉన్న లైను మీద పెన్నుతో సున్నా చుట్టి ఉంది. "మేడం, పేషెంట్లు ఇది చదివి డాక్టరు గారిని అడుగుతున్నారు, మరి ఈ పరీక్ష ఎందుకు రాసినారు సార్ అని. ఈ లైను తీసేయండి." పాథాలజిస్ట్ సార్ లోపలే ఉన్నారు, పిలిచాను. ఆయన రిపోర్టు చూసి, "నేను చదివే సంతకం పెట్టాను, ఉండనీ" అన్నారు. ఓనర్ గారికి విషయం చెప్పాం. ఆయన కాసేపు క్యాలిక్యులేటర్ నొక్కుకుని, సరే అన్నారు.

ఈ నెల ఆ ఆసుపత్రి నుంచి ఒక్క శాంపిల్ రాలేదు. అన్నీ పక్క ల్యాబుకు పోతున్నాయి. అక్కడ కామెంట్లు రాయరు.